రెండో కరణాన్ని కూర్చోబెట్టే ముందు

ఆంధ్రప్రదేశ్ ఐటీ శాఖ మంత్రి శ్రీ నారా లోకేశ్ గారికి,

మీ శాఖకు నెల్లూరు జిల్లాలోని మా ఊరు ఆత్మకూరు కొత్తది కాదు. మీకు ముందు ఆ శాఖ చూసినవారిలో మేకపాటి గౌతమ్‌రెడ్డి గారు మా ఎమ్మెల్యే. 2022 ఫిబ్రవరి 21న ఆయన ఉన్నట్టుండి పోయారు. అంత్యక్రియలు ఉదయగిరిలో జరిగాయి. పెన్న మీద సంగం బ్యారేజీకి ఇప్పుడు ఆయన పేరే. అందుకని ఐటీ మంత్రికి ఉత్తరం రాయడం మాకు పరాయి పనిలా అనిపించదు.

ఇరవై ఏళ్లుగా నేను స్టోరేజీ పనిలో ఉన్నాను. జనం కాగితాలు, ఫొటోలు, లెక్కలు దాచే డిస్కుల సమూహాలు పడిపోకుండా కాపలా కాయడం నా ఉద్యోగం. ఈ ఉత్తరం ఒక్క యంత్రం గురించి. దాన్ని మెటాడేటా సర్వరు అంటారు, మా వాళ్లు పొట్టిగా ఎండీఎస్ అంటారు. మామూలు జనానికి దాని పేరు తెలియాల్సిన పని లేదు. కానీ 2025 జనవరి 30న మీరు 161 సేవలతో మొదలుపెట్టిన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ లాంటివి పెరిగేకొద్దీ, ఉదయగిరి కొండ కింద ఉన్న మనిషి ఆత్మకూరు బస్సెక్కకుండా ఫోన్‌లోనే కాగితం తీసుకునే రోజులు వచ్చేకొద్దీ, ఆ కాగితం ఎక్కడుందో చెప్పే యంత్రం మీద బరువు పెరుగుతూనే ఉంటుంది. బరువు పెరిగితే ఎవరో ఒకరు ‘ఇంకొకటి కలిపేద్దాం’ అంటారు. ఆ కలిపే పని గురించే నా మనవి.

ముందు ఆ యంత్రం ఏమిటో మా ఊరి భాషలో చెబుతాను. మా తాతల కాలంలో పొలాలు అందరి కళ్ల ముందే ఉండేవి. ఏ చెక్క ఎవరిది, ఏ సర్వే నంబరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, శిస్తు ఎంత అన్నది మాత్రం కరణం గారి దస్త్రంలో ఉండేది. కరణం ఊళ్లో లేని రోజు భూమి ఎక్కడికీ పోదు. అయినా అమ్మకం జరగదు, అప్పు పుట్టదు, గట్టు తగాదా తెగదు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసింది. అప్పుడు పొలాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కొన్ని ఊళ్లలో దస్త్రాలే సర్కారు చేతికి సరిగ్గా రాలేదు. ఆ చిక్కులు తీర్చుకోవడానికి ఒక తరం పట్టింది.

మెటాడేటా సర్వరు ఆ కరణమే. నేను ఎక్కువగా పనిచేసిన సెఫ్ అనే వ్యవస్థనే తీసుకుంటాను. అమెరికాలో శాంటా క్రూజ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ సేజ్ వీల్ దాన్ని కట్టాడు, 2006లో దాని మీద పత్రం వెలువడింది. అందులో 40 ఎంబీల దస్తావేజు స్కాను ఒకటి పెట్టామనుకోండి. అది నాలుగేసి ఎంబీల పది ముక్కలై వేర్వేరు డిస్కుల్లోకి పోతుంది. ఒక్కో ముక్కకు మామూలుగా మూడు ప్రతులు. ఏ ముక్క ఏ డిస్కులో ఉందో ఎవరినీ అడగక్కర్లేదు, లెక్క కడితే తేలిపోతుంది. ముక్కలకు పేరుగా ఉండేది ఒక అంకె మాత్రమే. ఆ అంకె ఏ ఫైలుది, ఆ ఫైలు పేరేమిటి, ఏ ఫోల్డరులో ఉంది, ఎవరు చూడొచ్చు అన్న సంగతి మెటాడేటాలోనే ఉంటుంది. అది చెడితే పది ముక్కలూ, వాటి ముప్పై ప్రతులూ క్షేమంగా ఉండి కూడా ఆ దస్తావేజు ఎవరిదో చెప్పేవాడు ఉండడు. ముక్కల్ని గాలించి పేర్లు మళ్లీ అల్లే సాధనాలు ఉన్నాయి. కోట్ల ఫైళ్ల మీద వాటిని నడిపితే రోజులకు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో ఆఫీసు కిటికీ దగ్గర మనిషి నిలబడే ఉంటాడు.

మన రిజిస్ట్రేషన్ శాఖకు ఈ సంగతి 1908 నుంచీ తెలుసు. ఆ ఏడాది చట్టమే దస్తావేజుల పుస్తకాలతో పాటు ఇండెక్సులు వేరుగా రాయమంది, ఒకటి మనుషుల పేర్ల మీద, ఇంకొకటి ఆస్తి వివరాల మీద. దస్తావేజు నకలు పుస్తకంలోకి ఎక్కగానే, వీలైనంత వెంటనే ఇండెక్సులోకీ ఎక్కాలని కూడా చెప్పింది. ఆ ‘వెంటనే’ అన్న మాట రాసినవాళ్లు చాలా దూరం ఆలోచించారని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయడమంటే ఆ ఇండెక్సును అడగడమే.

సెఫ్‌లో ఇంకో మంచి ఏర్పాటు ఉంది, దాన్ని సరిగ్గా అర్థం చేసుకోకపోవడం వల్లే తప్పులు జరుగుతున్నాయి. ఈ కరణం ఇంట్లో దస్త్రం ఉండదు. ఆవర్జా మొత్తం ఊరి ఉమ్మడి పెట్టెలో, అంటే మిగతా డిస్కుల మీదే, మెటాడేటా పూల్ అనే ప్రత్యేకమైన అరలో ఉంటుంది. కరణం తలలో ఉండేది ఇవాళ తెరిచిన పేజీలు మాత్రమే, అంటే మెమొరీలో ఉన్న క్యాష్. ఏ మార్పు జరిగినా ముందు చిట్టాలో రాస్తాడు, తర్వాత తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. ఆ చిట్టా కూడా ఉమ్మడి పెట్టెలోదే. కాబట్టి కరణం ఉన్నపళాన కూలిపోతే ఇంకొకరు వచ్చి, పెట్టె తెరిచి, చిట్టా మొదటి నుంచి చదువుకుని, ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచి పని అందుకోవచ్చు. అందుకోవడానికి సిద్ధంగా కూర్చున్న మనిషిని స్టాండ్‌బై అంటారు.

ఉమ్మడి పెట్టె ఉంది కదా అని ధైర్యానికి పోయి నేనూ ఒకసారి దెబ్బ తిన్నాను. రోగుల స్కాన్లు దాచే ఒక సంస్థలో పనిచేస్తున్నప్పటి మాట అది. మాకు రెండు మెటాడేటా సర్వర్లు ఉండేవి. ఒకటి పనిచేసేది, ఒకటి స్టాండ్‌బై. ఫోల్డర్లు తెరుచుకోవడం మందగించింది. ఖరీదైన యంత్రం ఖాళీగా కూర్చుంది కదా, దాన్నీ పనిలో పెడదామని పైవాళ్లు అడిగారు. నాకూ సబబే అనిపించింది. పనిచేసే సర్వర్ల సంఖ్యను ఒకటి నుంచి రెండుకు పెంచడానికి ఒక్క ఆదేశం చాలు. కొట్టాను. నిమిషంలో అయిపోయింది. రెండు రోజులు అందరూ మెచ్చుకున్నారు.

మూడో రోజు రాత్రి ఆ రెంటిలో ఒకదాని మెమొరీ నిండిపోయి యంత్రం ఆ ప్రోగ్రామును చంపేసింది. దాని చోటు తీసుకోవడానికి ఎవరూ లేరు. ఉన్న ఒక్క స్టాండ్‌బైని నేనే పనిలోకి లాగేశాను. దాని పరిధిలో ఉన్న ఫోల్డర్లన్నీ బిగుసుకుపోయాయి. మళ్లీ లేపాం. లేవగానే చిట్టా చదవడం మొదలుపెట్టింది, చిట్టా చాలా పొడవుగా ఉంది, చదువుతూ చదువుతూ మెమొరీ మళ్లీ నిండింది, మళ్లీ చచ్చింది. ఇలా ఎన్నిసార్లో. తెల్లవారుజామున ఎక్కువ మెమొరీ ఉన్న ఇంకో యంత్రాన్ని వెతికి తెచ్చి, దాన్ని కలిపితే, అది చిట్టా పూర్తిగా చదివి నిలబడింది. ఒక్క ఫైలు కూడా పోలేదు. కానీ ఆ రాత్రి అత్యవసరంగా వచ్చిన ఒకాయన పాత స్కాను తెరవలేక డాక్టరు మళ్లీ తీయించాల్సి వచ్చిందని పొద్దున తెలిసింది. ఆ మాట నాకు ఇప్పటికీ బరువుగానే ఉంది. తప్పు యంత్రానిది కాదు. స్టాండ్‌బై ఖాళీగా కూర్చోలేదు, కాపలా కాస్తోంది. ఆ తేడా నాకు అప్పుడు తెలియలేదు.

అందుకే మంత్రిగారూ, రాష్ట్రంలో వాడేది సెఫ్ అయినా, లస్టర్ అయినా, హడూప్ అయినా, మొదట ఒక అపోహ తొలగించమని అడుగుతున్నాను. పనిచేసే మెటాడేటా సర్వర్ల సంఖ్య పెంచితే వేగం పెరగవచ్చు, భద్రత పెరగదు. ఇంకా చెప్పాలంటే తగ్గుతుంది. ఒకడే కరణం ఉంటే ఆగిపోవడానికి ఒక్కడే కారణం. ఇద్దరుంటే ఇద్దరిలో ఎవరు పడినా ఊళ్లో సగం పని ఆగుతుంది. ఇద్దరు పనిచేయాలంటే మూడో మనిషి పక్కన కూర్చుని ఉండాలి. కొనేటప్పుడే మూడు కొనాలి. రెండింటికే డబ్బుంటే ఒకటి పని, ఒకటి కాపలా, అంతే.

అసలు రెండోది కావాలా అన్నది దానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. నేను చూసిన చాలా చోట్ల మందగించడానికి అసలు కారణం వేరే ఉంటుంది. 128 జీబీల మెమొరీ ఉన్న యంత్రంలో క్యాష్ పరిమితి మొదట ఇచ్చిన 4 జీబీల దగ్గరే వదిలేస్తారు, ఎవరూ ముట్టుకోరు. లేకపోతే మెటాడేటా పూల్‌ను తిరిగే పాత డిస్కుల మీద పెట్టి ఉంటారు. లేకపోతే ఏ ప్రోగ్రామో ఒకే ఫోల్డరులో లక్షల ఫైళ్లు కుమ్మరిస్తూ ఉంటుంది. ఏదో ఒక క్లయింటు, అంటే ఫైళ్లు వాడుకునే యంత్రం, తెరిచిన ఫైళ్లు మూయకుండా పట్టుకుని కూర్చోవడం కూడా చూశాను. ఈ జబ్బులకు రెండో సర్వరు మందు కాదు. ఇంకో మాట, సెఫ్‌లో మెటాడేటా సర్వరు పని ఎక్కువ భాగం ఒకే దారం (థ్రెడ్) మీద నడుస్తుంది, కాబట్టి అరవై నాలుగు కోర్లున్న యంత్రం కంటే తక్కువ కోర్లున్నా ఒక్కో కోరు వేగంగా ఉన్నది మేలు. టెండరులో ‘ఎక్కువ కోర్లు’ అని రాస్తే డబ్బు పోయి పని కాదు.

నిజంగానే కావాలని తేలితే, కొత్తవాణ్ని మొదటి రోజే కలం ఇచ్చి కూర్చోబెట్టకూడదు. సమూహం మొత్తం ఆరోగ్యంగా ఉందా చూడాలి. ఏ డిస్కో పడిపోయి ప్రతులు మళ్లీ రాస్తున్న సమయంలో ఈ పని ముట్టుకోవద్దు. కొత్త యంత్రంలో సాఫ్ట్‌వేర్ వెర్షను మిగతా వాటితో అచ్చంగా ఒకటే ఉండాలి. గడియారం కలవాలి. గడియారం తేడా వల్ల, సర్వరు తానెవరో నిరూపించుకునే తాళంచెవి పనిచేయకపోతే, రాత్రంతా నెట్‌వర్కును తిట్టుకుంటూ కూర్చున్నవాళ్లను నాకు తెలుసు. దాని తాళంచెవికి దాని పనికి సరిపడా అనుమతులే ఇవ్వాలి, మొత్తం సమూహం తాళాల గుత్తి ఇచ్చేయకూడదు. అప్పుడు దాన్ని స్టాండ్‌బైగా చేర్చాలి. చేర్చి, కొన్ని రోజులు ఊరికే ఉండనివ్వాలి.

ఆ తర్వాత చేయాల్సిన పని చాలామందికి భయం. పనిచేస్తున్న సర్వరును మనమే, పట్టపగలు, చెప్పి మరీ ఆపాలి. మామూలుగా ప్రతి నాలుగు సెకన్లకూ సర్వరు తాను బతికే ఉన్నానని, సమూహాన్ని కనిపెట్టుకుని ఉండే మానిటర్లకు కబురు పంపుతుంది. పదిహేను సెకన్లు కబురు రాకపోతే మానిటర్లు దాన్ని పక్కన పెట్టి స్టాండ్‌బైని పిలుస్తాయి. కొత్తది చిట్టా చదువుతుంది, పాత క్లయింట్లను మళ్లీ పలకరిస్తుంది, పనిలోకి దిగుతుంది. దీనికి మన దగ్గర, మన ఫైళ్లతో, ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూసి కాగితం మీద రాసుకోవాలి. పుస్తకంలో ఉన్న అంకెతో మనకు పని లేదు.

ఇది ఎందుకు ఇంత నొక్కి చెబుతున్నానంటే, మాకు పైన, పెన్నలో కలిసే చెయ్యేరు మీద జరిగింది మీకు తెలుసు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. మనుషులు పోయారు, ఊళ్లు పోయాయి. ఉన్న అయిదు గేట్లలో ఒకటి పనిచేసే స్థితిలో లేదని తర్వాత కేంద్ర జలశక్తి మంత్రి రాజ్యసభలో చెప్పారు. కట్ట తెగడానికి కారణాల మీద వాదాలు ఉన్నాయి, అందులోకి నేను పోను. వరద వచ్చినప్పుడు ఎత్తడానికి పెట్టిన గేటు ఎండాకాలంలో ఎత్తి చూసుకోవాలన్నది మాత్రం పెన్న గట్టున పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతి. ఎప్పుడూ పని అందుకోని స్టాండ్‌బై కూడా ఎత్తి చూడని గేటే.

స్టాండ్‌బై నిలబడిందని తేలాకే పనిచేసే సర్వర్ల సంఖ్యను పెంచాలి, అదీ ఒకటి చొప్పున. పెంచగానే ఏ ఫోల్డరు ఎవరి పరిధిలోకి పోవాలో యంత్రానికే వదిలేయడం నాకు ఇష్టం లేదు. బరువు చూసి అది అటూ ఇటూ మారుస్తూ ఉంటే ఆ మార్పులే ఒక బరువవుతాయి. మన దగ్గర జిల్లాలు ఉన్నాయి, మండలాలు ఉన్నాయి. ఈ జిల్లాల ఫోల్డర్లు మొదటి సర్వరువి, ఆ జిల్లాలవి రెండోదానివి అని గట్టిగా కట్టేయొచ్చు. ఇద్దరు కరణాలున్న ఊళ్లో పొలిమేర రాయి పాతినట్టు.

ఒక సర్వే నంబరు ఇద్దరి దస్త్రంలోకీ ఎక్కిందంటే ఊరు కోర్టు మెట్లెక్కినట్టే. ఈ వ్యవస్థలన్నిటిలో అతి ప్రమాదకరమైన ఘడియ అదే, పాతవాడు చచ్చాడనుకుని కొత్తవాడికి కలం ఇచ్చాక, పాతవాడు నిద్రలేచి తానూ రాయడం మొదలుపెట్టడం. అందుకే సెఫ్ పాత సర్వరును డిస్కుల దగ్గరే అడ్డుకుంటుంది, దాని రాత ఇక చెల్లదు. హడూప్‌లో కూడా రెండో నేమ్‌నోడు, అంటే అక్కడి కరణం, పెట్టుకునే వీలు వచ్చినప్పుడు, పాతదాని చేతులు కట్టే ఏర్పాటు దాంతో పాటే వచ్చింది. ఏ కాంట్రాక్టరైనా ఆ అడ్డును ‘పని తొందరగా కావడానికి’ తీసేస్తానంటే, ఒప్పుకోవద్దని మీ అధికారులకు రాతపూర్వకంగా చెప్పండి.

వెనక్కి వచ్చే దారి కూడా ముందే నడిచి చూసుకోవాలి. రెండు నుంచి ఒకటికి దించడం పెంచినంత సులువు కాదు, రెండోది తన పరిధిలో ఉన్నదంతా మొదటిదానికి అప్పజెప్పి గానీ దిగదు. సెఫ్‌లో వెర్షను మార్చేటప్పుడు ముందు ఒకటికి దించి తర్వాత మార్చడమే ఏళ్ల తరబడి నడిచిన పద్ధతి. దించడం రానివాడు పెంచకూడదు.

ఇక చివరి సంగతి నకలు. ఇద్దరు కరణాలూ మూడో కాపలాదారూ ఉన్నా, వాళ్లందరూ తెరిచేది ఆ ఒక్క ఉమ్మడి పెట్టెనే. పెట్టె కాలిపోతే? 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి రెవెన్యూ ఫైళ్లు కాలినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. కంప్యూటర్లలో పెడితే ఆ భయం ఉండదనుకుంటాం. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజియన్ నగరంలో ఆ దేశ ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీలు తరలిస్తుండగా మంటలు లేచాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగాయి. ఉద్యోగుల ఫైళ్లు దాచే ‘జీ డ్రైవ్’లో 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. మరీ పెద్దది కాబట్టి దానికి బయట నకలు పెట్టలేదని అక్కడి అధికారులే చెప్పారు. సాంకేతికంగా మనకంటే ఎంతో ముందున్న దేశం అది. ఆ మంట ఏ శత్రువో పెట్టింది కాదు. ముందే అనుకుని చేస్తున్న పని మధ్యలో పుట్టింది. నేను పైన చెప్పిన పనులన్నీ కూడా ముందే అనుకుని చేసేవే. అందుకే మెటాడేటా సర్వరు కలిపే రోజుకు ముందు, మరో ఊళ్లో, మరో కరెంటు లైను మీద పూర్తి నకలు ఉండాలి. ఆ నకలు నుంచి కొన్ని ఫోల్డర్లు నిజంగా తిరిగి తీసి చూసి ఉండాలి. తీసి చూడని నకలును నేను లెక్కలోకి తీసుకోను.

విశాఖలో గూగుల్ 1500 కోట్ల డాలర్లతో పెట్టబోయే కేంద్రం గురించి 2025 అక్టోబరులో ప్రకటన వచ్చినప్పుడు మా పిల్లలు ఎంతో సంతోషించారు. నేనూ సంతోషించాను. అయితే గూగుల్ తన యంత్రాలను తాను చూసుకుంటుంది. మా రైతుల అడంగళ్లు ఉండే యంత్రాలను చూసుకునే మనిషి ఎవరు, ఆ మనిషికి రాత్రి రెండింటికి ఫోను చేస్తే ఎత్తుతాడా, ఎత్తితే అతని చేతిలో రాసి పెట్టిన పద్ధతి ఉందా అన్నది నా బెంగ. నెల్లూరు జిల్లా పడమటి మండలాల నుంచి ఏటా ఎందరో పిల్లలు ఇంజినీరింగ్ చదివి బెంగళూరు, చెన్నై పోతున్నారు. వాళ్లలో కొందరికి అయిదారు పాత యంత్రాలు ఇచ్చి, ఒక చిన్న సమూహం కట్టించి, దాన్ని కావాలని పడగొట్టించి, మళ్లీ లేపించండి. రాష్ట్రానికి అలాంటి సాధన గది ఒకటి కావాలి. అసలు సమూహం మీద చేసే ప్రతి మార్పూ ముందు ఆ గదిలో జరగాలి.

సంగంలో పాత ఆనకట్ట ఆయకట్టుకు నీళ్లిస్తూ ఉండగానే కొత్త బ్యారేజీ పని నడిచింది. ఏళ్లు పట్టింది, మేమందరం విసుక్కున్నాం కూడా. కానీ కొత్తది వస్తోందని పాతదాన్ని ముందే పక్కకు తోయలేదు. మా దగ్గర పెద్ద పని జరిగిన తీరు అది.

కొత్త మెటాడేటా సర్వరు కొనే ఫైలు ఏదో ఒక రోజు మీ బల్ల మీదికి వస్తుంది. అందులో ధర ఉంటుంది, కోర్ల సంఖ్య ఉంటుంది, ఎన్ని రోజుల్లో బిగిస్తారో ఉంటుంది. మీరు ఒక్క ప్రశ్న అడగండి: ఇది పడిపోతే దీని చోట కూర్చునేది ఏ యంత్రం, అది చివరిసారి కూర్చుని చూపించింది ఏ తేదీన? ఆ యంత్రం పేరూ, ఆ తేదీ ఫైల్లో రాసి లేకపోతే దయచేసి సంతకం పెట్టకండి.

ఇట్లు,
ఆత్మకూరు వాసి, ఒక స్టోరేజీ ఇంజినీరు